బాల్యంలో రక్త క్యాన్సర్ నయమైనవారికి రెండో క్యాన్సర్ ముప్పు: అపోహలు – వాస్తవాలు

కర్నూలులో పిల్లల క్యాన్సర్లకు వైద్యం చేసే నన్ను, చికిత్స ముగిసిన పిల్లల తల్లిదండ్రులు "మళ్లీ వస్తుందా సార్?" అని అడుగుతుంటారు. పాత లుకేమియా (రక్త క్యాన్సర్) తిరగబెట్టడం వేరు, దానితో సంబంధం లేని మరో క్యాన్సర్ కొత్తగా పుట్టడం వేరు. మొదటిది ఎక్కువగా తొలి కొన్నేళ్లలోనే బయటపడుతుంది. ఇక్కడ రాస్తున్నది రెండోదాని గురించి.

అపోహ: కీమో ఎక్కించుకున్న బిడ్డకు ఎప్పటికైనా రెండో క్యాన్సర్ తప్పదు.

వాస్తవం: మిగతా జనంతో పోలిస్తే ముప్పు ఎక్కువన్నది నిజమే గాని, ఏ మందు ఎంత మోతాదులో పడింది, రేడియేషన్ ఏ భాగానికి ఇచ్చారు అన్నదాన్ని బట్టి అది మారిపోతుంది. అయిదేళ్లు దాటి బతికినవారిని దశాబ్దాలుగా గమనిస్తున్న ఉత్తర అమెరికా అధ్యయనంలో, బాల్య క్యాన్సర్లన్నీ కలిపి చూస్తే, 1970లలో జబ్బు పడినవారిలో 15 ఏళ్లలోపు రెండో క్యాన్సర్ వచ్చినవారు 2.1 శాతం కాగా, 1990ల నాటివారిలో 1.3 శాతమే. రేడియేషన్ వాడకం తగ్గడం ఇందుకు ముఖ్య కారణం: పిల్లల్లో ఎక్కువగా కనిపించే రక్త క్యాన్సర్ రకమైన అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో తలకు రేడియేషన్ పొందిన పిల్లలు అదే కాలంలో 85 శాతం నుంచి 19 శాతానికి తగ్గారు. మందులతోనే నయమైన లుకేమియా పిల్లల తల్లిదండ్రులు ఈ విషయమై కుమిలిపోవలసిన పని లేదని నా అభిప్రాయం.

అపోహ: అయిదేళ్లు దాటితే ఇక ఆస్పత్రితో పని లేదు.

వాస్తవం: అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది ఇదే. ఎటోపోసైడ్ వంటి మందుల వల్ల వచ్చే లుకేమియా సాధారణంగా ఒకటి నుంచి మూడేళ్లలో, సైక్లోఫాస్ఫమైడ్ తరగతి మందుల వల్ల వచ్చేది అయిదు నుంచి ఏడేళ్లలో కనిపిస్తుంది. రేడియేషన్ వల్ల వచ్చే గడ్డలు మాత్రం ఎక్కువగా పదేళ్లు దాటాకే తలెత్తుతాయి. తలకు రేడియేషన్ పొందినవారిలో మెనింజియోమా (మెదడు పైపొరల్లో పుట్టే గడ్డ) ఇరవై ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. హాడ్జ్‌కిన్ లింఫోమాకు (లింఫు గ్రంథుల క్యాన్సర్‌కు) ఛాతీపై రేడియేషన్ పొందిన ఆడపిల్లలకు 25వ ఏడు నిండాక గాని, రేడియేషన్ ముగిసి ఎనిమిదేళ్లయ్యాక గాని, ఏది తర్వాత వస్తే అప్పటి నుంచి, ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), రొమ్ము ఎంఆర్‌ఐ చేయించాలి. మెడకు రేడియేషన్ తగిలినవారి చేత గుక్కెడు నీళ్లు మింగించి, వెనక నిలబడి, వేళ్ల కింద పైకీ కిందికీ కదిలే థైరాయిడ్‌లో గడ్డ ఉందేమోనని ఏటా తడిమి చూస్తాం. నిమిషం పట్టని ఆ పరీక్షకు ఖర్చు లేదు.

అపోహ: పాత కాగితాలు బయటపడితే పెళ్లి సంబంధాలు చెడిపోతాయి, చించేయడమే మేలు.

వాస్తవం: కర్నూలు వారు హైదరాబాదుకు, అనంతపురం వారు బెంగళూరుకు, కడప వారు తిరుపతికో వేలూరుకో వెళ్లి చికిత్స చేయించుకొస్తారు గనుక, ఇక్కడి డాక్టరుకు ఆ ఫైలు తప్ప ఆధారం దొరకదు. అది లేకపోతే పైన చెప్పిన పరీక్షల్లో ఏది ఎవరికి అవసరమో తేల్చలేం. మందుల పేర్లు, మొత్తం మోతాదులు, ఏ భాగానికి ఎన్ని గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ ఇచ్చారన్నది చికిత్స చేసిన చోటే రాయించుకోండి. అత్తవారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. అమ్మాయికి చెప్పకుండా దాచడం మాత్రం అన్యాయం.

అపోహ: వీరికి పుట్టే పిల్లలకూ క్యాన్సర్ వస్తుంది.

వాస్తవం: తల్లో తండ్రో చికిత్స తీసుకున్నంత మాత్రాన బిడ్డలకు ముప్పు పెరగదు. లీ-ఫ్రౌమెనీ వంటి వంశపారంపర్య దోషాలున్న కొద్ది కుటుంబాల్లోనే ఆ భయానికి అర్థం ఉంది. అందుకే చిన్న వయసులో క్యాన్సర్ వచ్చిన రక్త సంబంధీకులు ఇంకెవరైనా ఉన్నారా అని అడుగుతాం. ఉంటే దాచకుండా చెప్పండి.