టాకోమీటర్ ముల్లు తప్పు చూపిస్తోందా? మీటర్ మార్చే ముందు తెలుసుకోవాల్సిన అపోహలు, వాస్తవాలు

విజయనగరంలో ఆటో ఎలక్ట్రికల్ పని చేసే నా దగ్గరకు స్పోర్ట్స్ కార్లు రోజూ రావు. విశాఖపట్నం నుంచి వచ్చేవారివో, పాత రెండు సీట్ల బండిని ప్రాణంగా చూసుకునేవారివో అప్పుడప్పుడు వస్తాయి. "ఆర్‌పీఎం మీటర్ పోయింది, కొత్తది వేయండి" అంటూనే చాలామంది కారు దిగుతారు. ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు (ఆర్‌పీఎం) తిరుగుతోందో చూపించే ఈ మీటరే టాకోమీటర్. అప్పటికే వేరేచోట మీటర్ బోర్డు మార్పించుకుని, అదే జబ్బుతో వచ్చినవారూ ఉన్నారు. ఆ ఖర్చు చూస్తే నాకు బాధ కలుగుతుంది.

అపోహ: ముల్లు తప్పు చూపిస్తే మీటర్ పాడైనట్టే.

ఇప్పటి కార్లలో ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్‌తో తిరిగే పళ్ల చక్రాన్ని ఒక సెన్సర్ చదువుతుంది. ఆ లెక్క ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ అయిన ఈసీయూకు, అక్కడి నుంచి కారులోని కంప్యూటర్లను కలిపే క్యాన్ వైర్ల ద్వారా మీటర్ బోర్డుకు, చివరికి ముల్లును తిప్పే చిన్న మోటారుకు చేరుతుంది. అందుకే ముందు ఈసీయూలోని లెక్కలు చదివే స్కానర్ పెట్టి అది చెప్పే ఆర్‌పీఎం చూడాలి. స్కానర్, ముల్లు ఒకే అంకె చూపిస్తే మీటర్‌ది తప్పు కాదు. స్కానర్ సరిగ్గా ఉండి ముల్లు తేడాగా ఉంటేనే బోర్డు వైపు వెళ్లాలి. ఇంజిన్ చక్కగా నడుస్తూ ముల్లు మాత్రం సున్నా మీద ఉంటే కొందరు క్రాంక్ సెన్సర్ మార్చేస్తారు. ఆ సెన్సర్ పూర్తిగా పోతే చాలా కార్లు అసలు స్టార్టే కావు.

అపోహ: వేగం పెరగకుండా ముల్లు పైకి లేస్తే మీటర్ అబద్ధం చెబుతున్నట్టు.

చాలాసార్లు ముల్లు నిజమే చెబుతుంది, జారుతున్నది క్లచ్. దీన్ని కాగితం మీదే తేల్చవచ్చు. టైరు చుట్టుకొలత 2 మీటర్లు అనుకుందాం. గంటకు 60 కిలోమీటర్లంటే నిమిషానికి 1,000 మీటర్లు, అంటే చక్రం 500 సార్లు తిరుగుతుంది. గేరు నిష్పత్తి 1, ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్సు తర్వాత చక్రాలకు ముందుండే చివరి గేర్ల నిష్పత్తి) 4 అయితే ఇంజిన్ 2,000 దగ్గర ఉండాలి. మీ కారు నిష్పత్తులు మాన్యువల్‌లో ఉంటాయి. నాతవలస దగ్గర జాతీయ రహదారి ఎక్కాక, పక్కన కూర్చున్నవారిని ఫోనులో జీపీఎస్ వేగం చూడమంటాను, ఎందుకంటే స్పీడోమీటర్ సాధారణంగా కాస్త ఎక్కువ చూపిస్తుంది. జీపీఎస్ 60 చూపిస్తుండగా స్కానర్, ముల్లు రెండూ 2,600 చూపిస్తే క్లచ్ సంగతి చూసుకోండి. స్కానర్ 2,000 దగ్గరే ఉండి ముల్లు ఒక్కటే 2,600 చూపిస్తే మీటర్‌ను అనుమానించండి. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో కొంత జారుడు సహజం, కాబట్టి ఈ లెక్క వాటికి అచ్చంగా సరిపోదు.

అపోహ: ముల్లు వణుకుతోందంటే లోపల వదులైంది.

మన తీరంలో నేను ముందు చూసేది ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి. కళింగపట్నం, బారువ లాంటి ఊళ్ల ఉప్పు గాలికి ఎర్త్ బోల్టు కింద తుప్పు పడుతుంది, పైకి మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది. మల్టీమీటర్ బీప్ విని బాగుందనుకోవద్దు. వైరులో ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. ఇంజిన్ నడుపుతూ, లైట్లు, ఫ్యాను వేసి, మీటర్ బోర్డు ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య వోల్టేజీ కొలవాలి. 0.1 వోల్టు లోపు ఉంటే మంచిది. అర వోల్టు వస్తే మీటర్ జోలికి పోకుండా ఎర్త్ బాగుచేయండి. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో డయోడ్ పోయినా ముల్లు ఊగవచ్చు. పాత బండిలో రెసిస్టర్ లేని స్పార్క్ ప్లగ్గులు వేసినా ఇదే గొడవ.

అపోహ: ఏ బండి మీటరైనా ఏ బండికైనా పనిచేస్తుంది.

పాత కార్లలో మీటర్ స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ నుంచి వచ్చే పల్సులను లెక్కపెడుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లకు ఒక చుట్టుకు 2 పల్సులు, ఆరింటికి 3, ఎనిమిదింటికి 4. ఆరు సిలిండర్ల మీటర్‌ను నాలుగు సిలిండర్ల బండికి పెడితే 3,000 ఉన్నప్పుడు 2,000 చూపిస్తుంది. తప్పు ఎప్పుడూ ఇలా ఒకే నిష్పత్తిలో ఉంటే అది పాడైన మీటర్ కాదు, జత కుదరని మీటర్. పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో స్మిత్స్ కంపెనీ మీటర్ డయల్ మీద ఆర్‌వీఐ (RVI) అని ఉంటే అది కాయిల్ వైరులో పారే కరెంటును పసిగట్టే రకం. కాయిల్ కరెంటును తెంచి కలిపే పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాక అది గతి తప్పవచ్చు. కాయిల్ నెగటివ్ మీద వందల వోల్టుల తన్ను ఉంటుంది, చవక మల్టీమీటర్ అక్కడ పెట్టకండి.

అపోహ: టాకోమీటర్ ఆగితే రెవ్ లిమిటర్ కూడా ఆగుతుంది.

ఇంజిన్ చుట్లు హద్దు దాటకుండా ఆపే లిమిటర్ ఈసీయూ పని, దానికి ముల్లుతో సంబంధం లేదు. అయితే ఎక్కువ వేగంలో పొరపాటున చిన్న గేరు వేస్తే చక్రాలే ఇంజిన్‌ను తిప్పేస్తాయి, అప్పుడు ఏ లిమిటరూ కాపాడలేదు.

అపోహ: బోర్డు మార్చడం నాలుగు స్క్రూల పని.

చాలా కార్లలో తిరిగిన కిలోమీటర్ల లెక్క బోర్డులోనే ఉంటుంది. కొన్నింటిలో సరైన తాళం లేకుండా ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ కూడా అక్కడే ఉండటంతో, కొత్త బోర్డును కారుకు జతచేసే కోడింగ్ చేయకపోతే కారు స్టార్ట్ కాదు. బోర్డు నిజంగానే పోయిందని తేలినా, పాతదాన్నే విప్పి మోటారు మార్చడమో, పగిలిన టంకం మళ్లీ వేయడమో కుదురుతుందేమో ముందు అడగండి.