డబుల్ బేస్‌కి కండబలం కావాలా? అపోహలు - వాస్తవాలు

కచేరీ సాయంత్రం ఆరింటికి మొదలుపెడితే ఏడుంబావుకల్లా అయిపోతుంది. తర్వాత అరగంట ప్రశ్నలు, నేను వాయించే డబుల్ బేస్ గురించి. వయొలిన్ తరహా వాయిద్యాల్లో అన్నిటికన్నా పెద్దది, మంద్రంగా పలికే నాలుగు తీగల వాయిద్యం ఇది. ఇది సెలోనా అని కొందరు, గిటార్‌కి అన్నయ్యా అని ఇంకొందరు. వాటికి నవ్వుతూనే జవాబు చెప్తాను. కానీ విశాఖలో ఎక్కడ వాయించినా, సిరిపురంలో హాలైనా, ఎవరింటి మేడ మీద చిన్న బైఠక్ అయినా, ఒక మాట మాత్రం తప్పదు. "ఇంత పెద్దది వాయించాలంటే బాగా బలం ఉండాలి కదమ్మా?" దాని వెనకే, "ఆడపిల్లవి, ఎలా నెగ్గుకొస్తున్నావో ఏమో!"

నన్ను అంటే పరవాలేదు. నేర్చుకునే పిల్లలతో కూడా ఇదే అంటున్నారు. వాళ్లు నమ్ముతున్నారు, మానేస్తున్నారు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: భారీ శరీరం, పొడవాటి వేళ్లు ఉన్నవాళ్లకే బేస్ వస్తుంది. నొప్పి వస్తే పళ్ల బిగువున భరించాలి.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు, అది ఒప్పుకోవాలి. వయొలిన్ తీగ నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (పైపలక మీద తీగల్ని ఎత్తి నిలిపే చెక్క) దాకా 33 సెంటీమీటర్లు ఉంటే, మనది 105 దాకా ఉంటుంది. మెడ పైకొసన చెయ్యి పెట్టే హాఫ్ పొజిషన్‌లో చూపుడు వేలికీ చిటికెన వేలికీ మధ్య ఒక టోన్ (స నుంచి చతుశ్రుతి రి అంత) దూరం దాదాపు 11 సెంటీమీటర్లు. వయొలిన్ మీద అదే టోన్ మూడున్నర కూడా ఉండదు. నాలుగు స్టీలు తీగల బిగువు కలిపితే వంద కిలోలు దాటుతుంది. చూసేవాళ్లకి కంగారు పుట్టడం సహజమే.

అయితే ఆ 11 సెంటీమీటర్లూ వేళ్లు సాగదీసి పట్టమని ఎవరన్నారు? సిమాండ్ల్ అనే బేస్ గురువు పద్ధతిలో 1, 2, 4 వేళ్లే (చూపుడు, మధ్య, చిటికెన) వాడతాం, మూడోది నాలుగోదానికి ఊతం. రబ్బాత్ అనే మరో బేసిస్టు పద్ధతిలోనైతే బొటనవేలు ఉన్నచోటే ఉంచి, చెయ్యి అటూ ఇటూ వాలుస్తాం. తీగని కిందికి దించేది వేలి కండ కాదు, భుజం నుంచి వేలాడే చేతి బరువు. నా దగ్గరికొచ్చే పిల్లల చేత ముందు చేయించే పని ఒకటే: బొటనవేలు మెడ వెనకనుంచి పూర్తిగా తీసేసి స్వరం వాయించడం. స్వరం పలికితే చెయ్యి సరిగ్గా వేలాడుతోందని అర్థం. పలకకపోతే బొటనవేలితో, మిగతా వేళ్లతో పట్టకారు పట్టినట్టు పట్టి లాగుతున్నారన్నమాట. నొప్పులన్నీ అక్కడే మొదలు.

ఈమధ్య ఒక కచేరీ అయ్యాక ఎంవీపీ కాలనీ నుంచి ఒకావిడ తొమ్మిదో తరగతి చదివే కూతురితో వచ్చారు. పిల్ల ఎడమ చెయ్యి చున్నీ కింద దాచుకుని నిలబడింది. చూపించమంటే చూపించింది. చూపుడు వేలి కొసన పగిలిన బొబ్బ, దాని మీద ఎవరో చెప్పారని ఫెవిక్విక్ పూత. బొటనవేలి మొదలు వాచింది.

"అక్కా, నాకు బలం చాలట్లేదంట. జిమ్‌కి వెళ్లమన్నారు."

"ఎవరన్నారు?"

"అందరూ."

ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. బేస్ ఆన్‌లైన్‌లో తెప్పించారు, పెట్టెలోంచి తీసింది తీసినట్టే వాయిస్తోంది. పిల్ల జామెట్రీ బాక్సులో స్కేలు అడిగి తీసుకుని, వేళ్లతో నొక్కే ఫింగర్‌బోర్డు చివర తీగల కింద పెట్టాను. సన్నని జి తీగ కింద 11 మిల్లీమీటర్లు, లావాటి ఇ కింద 15. స్టీలు తీగలకి మామూలుగా జి దగ్గర 5-6, ఇ దగ్గర 8-9 ఉంటే హాయిగా వాయించుకోవచ్చు. నట్ దగ్గర తీగ కింద ఒక విజిటింగ్ కార్డు దూరితే చాలు. అక్కడ రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినా పట్టేలా ఉంది. ఈ ఎత్తులో ఇ తీగ మీద మొదటి ఎఫ్ స్వరం నొక్కాలంటే నాకే ఊపిరి బిగబట్టాల్సొచ్చింది.

పైగా అది 4/4. "పెద్దయ్యాక కూడా పనికొస్తుందని ఫుల్ సైజే తీసుకున్నామమ్మా," అన్నారావిడ, స్కూలు యూనిఫాం రెండేళ్లకి సరిపడా వదులుగా కుట్టించినట్టు. ఆవిణ్ణి ఏమనగలం? వయొలిన్‌లో 3/4 అంటే పిల్లల సైజే. బేస్‌లో ఆ లెక్క పనికిరాదు. ఆర్కెస్ట్రాల్లో పెద్దవాళ్లు, ఆరడుగుల మగవాళ్లతో సహా, వాయించేవి ఎక్కువగా 3/4లే. నాదీ అదే. 4/4 అరుదు. పిల్లలకి 1/2, 1/4 ఉన్నాయి, మరీ చిన్నవాళ్లకి 1/8 కూడా ఉంది. 'ఫుల్ సైజు కొంటే ఒకేసారి పోతుంది' అన్న లెక్క ఈ వాయిద్యంలో పెట్టే డబ్బునీ ముంచుతుంది, చేతినీ ముంచుతుంది.

వయొలిన్లు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. ఆయన్ని తీసుకెళ్లాం. బ్రిడ్జి పైఅంచు దించి, నట్ గాడులు లోతు చేసి, మధ్యాహ్నం భోజనాల వేళకి పని ముగించారు. పిల్ల వచ్చి అదే ఎఫ్ మీద వేలు పెట్టింది. పలికింది. వేలు తీసి మళ్లీ పెట్టింది. "ఇంతేనా?" అంది.

ఆవిడ వంటింట్లోకి పిలిచి మెల్లగా, "బద్ధకమని రోజూ తిట్టేదాన్నమ్మా" అన్నారు. అయ్యో, మీకెలా తెలుస్తుందండీ! కొత్త బేస్‌ని వాయించే ముందు సెటప్ చేయించాలని అమ్మినవాళ్లు చెప్పాలి. చెప్పరు. సైజు ఇంకా పెద్దదే, దాన్ని మార్చుకునే పని సాగుతోంది. జిమ్ ఖర్చు మాత్రం తప్పింది.

నొప్పుల సంగతి సూటిగా చెప్తాను. మొదట్లో వేలి కొసల చర్మం మండటం మామూలే, కాయ కాస్తే పోతుంది. మణికట్టు, ముంజేయి, బొటనవేలి మొదలు నొప్పెట్టినా, వేళ్లు తిమ్మిరెక్కినా, రాత్రి నిద్రలో కూడా నొప్పి తెలిసినా అది సాధన కాదు, దెబ్బ. బో (తీగల మీద లాగే కమాను) కింద పెట్టేయండి. కొన్నాళ్లు ఆగి తీగల ఎత్తు, సైజు, కూర్చునే తీరు చూపించుకోండి. తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. 'కష్టపడందే విద్య రాదు' అనే పెద్దలకి ఓ నమస్కారం, కష్టం వేరు, గాయం వేరు.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఒకరి పేరు చెప్తాను. చి-చి న్వనోకు. బ్రిటన్‌లో పేరున్న బేసిస్టు, 2015లో చినెకే ఆర్కెస్ట్రాని స్థాపించింది ఆవిడే. మోకాలి దెబ్బతో పరుగు పందేలు వదిలి ఈ వాయిద్యం పట్టుకున్నారు. మనిషి పొట్టి, చేతులూ చిన్నవి. దశాబ్దాల పాటు ఆర్కెస్ట్రాలో ముందు స్టాండు దగ్గర, అంటే బేస్ వాళ్లకి ముఖ్యురాలిగా వాయించారు.

బో చేతికీ ఇదే వర్తిస్తుంది. గట్టిగా అదిమితే శబ్దం పెరగదు, గొంతు నొక్కినట్టవుతుంది. చేతి బరువు వదలాలి, బో బ్రిడ్జికి ఎంత దగ్గరో చూసుకోవాలి, లావు తీగ మీద నెమ్మదిగా లాగాలి. ఫ్రెంచ్ బో (పైనుంచి పట్టేది) ఆడవాళ్లకి, జర్మన్ బో (కిందనుంచి పట్టేది) మగవాళ్లకి అని ఎవరు పుట్టించారో గానీ వాళ్లకి దణ్ణం పెట్టాలి.

అపోహ: ఏసీ గదిలో పెడితే వాయిద్యానికి ఏమీ కాదు.

వానలు పట్టగానే పిల్లల నుంచి మెసేజ్‌లు మొదలవుతాయి. "అక్కా, వేళ్లలో బలం పోయింది." బలం ఎక్కడికీ పోలేదు నాన్నా, ఇది మన విశాఖ గాలి. చెక్క తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, పైపలక లేస్తుంది, దానితో బ్రిడ్జి, బ్రిడ్జితో తీగలు. జనవరిలో తేలిగ్గా పలికిన స్వరం ఆగస్టులో బరువెక్కుతుంది. బ్రిడ్జి కాళ్లలో మరచక్రాలు పెట్టించుకుంటే ఎత్తు దించుకోవడం చిటికెలో పని. తీగలు కాస్త వదులు చేసి, రెండు చక్రాలూ సమానంగా తిప్పాలి.

ఏసీ చెడ్డదని కాదు. పగలంతా వేసి రాత్రి ఆపేస్తే తేమ పడుతూ లేస్తూ ఉంటుంది, చెక్కకి అదే పడదు. వాడని మూల గదిలో, కిటికీకి దూరంగా, ఒకే తీరుగా ఉంచడం మేలు. అంచు దగ్గర అతుకు విడిందని ఏడుస్తూ ఫోన్ చేస్తారు. ఏడవకండి. అతుకులకి వాడే సరేసు జిగురు కావాలనే బలహీనంగా ఉంటుంది. చెక్క ముడుచుకున్నప్పుడు అది వదిలేస్తుంది కాబట్టే పలక చీలదు. మళ్లీ అతికించుకోవచ్చు. ఇంట్లో ఉంది కదా అని ఫెవికాల్ మాత్రం పెట్టకండి, బాబూ. అది వదలదు, ఈసారి పలకే చీలుతుంది.

ప్లైవుడ్ బేస్ అంటే నకిలీ అనుకోవడం కూడా తప్పే. సముద్రం పక్కన ఉండేవాళ్లు, మొదటిసారి కొనేవాళ్లు నిశ్చింతగా తీసుకోవచ్చు. నాదం కాస్త మందంగా ఉంటుంది, కానీ పగుళ్ల బెంగ తక్కువ.

అపోహ: వయొలిన్ రానివాళ్లే బేస్ పట్టుకుంటారు.

ఇటలీ బేసిస్టు బొత్తెసీని మిలాన్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో చేరేనాటికి స్కాలర్‌షిప్ సీట్లు బసూన్ అనే ఊదే వాయిద్యానికీ డబుల్ బేస్‌కీ మాత్రమే మిగిలాయి. సీటు కోసం బేస్ తీసుకున్నాడు. సీటు కోసం కోర్సు మార్చుకోవడం మనకి తెలియని విద్యా! ఆయన తర్వాత యూరప్ అంతా తిరిగి బేస్ సోలోలు వాయించాడు, స్వయంగా రాశాడు, 1871లో కైరోలో వెర్డి ఒపెరా 'ఐదా' తొలి ప్రదర్శనకి ఆర్కెస్ట్రాని నడిపించిన కండక్టర్ కూడా ఆయనే. 1924 నుంచి పాతికేళ్లు బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాని నడిపిన కండక్టర్ కూసెవిట్‌స్కీ కూడా బేసిస్టే.

'మన సంగీతం కాదు కదా' అనేవాళ్లకి: వయొలిన్ కూడా బయటినుంచి వచ్చిందే. పక్కనే విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1919లో వయొలిన్ ఆచార్యులుగా చేరేనాటికి ఎవరూ దాన్ని పరాయిదనలేదు. బేస్ మీద మెట్లు లేవు, గమకం పలుకుతుంది. ఓపిక ఉండాలంతే.

అపోహ: మైకు లేకపోతే వినపడదు. వీడియోలో ఏమీ లేదు.

వీడియో ఫోన్‌లో చూస్తే ఎలా ఉంటుంది? మన ఇ తీగ 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ ఆ లోతుకి దిగలేదు, పై స్వరాంశాలు మాత్రం వినిపిస్తే మిగతాది మన చెవి ఊహించుకుంటుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, లేకపోతే హాలుకి రండి. మంచి హాల్లో చెక్క స్టేజీ మీద ఎండ్‌పిన్ (బేస్ అడుగున ఉండే కడ్డీ) ఆనిస్తే ముందు వరసవాళ్లకి కాళ్ల కిందనుంచి తెలుస్తుంది.

అందుకే ఆర్కే బీచ్‌లో సూర్యాస్తమయం వేళ వాయించమంటే ఒప్పుకోను. ఫొటోలు బాగుంటాయి, నిజమే. గోడలు లేనిచోట మంద్రం నిలవదు, ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి. ఒక నిర్వాహకుడు "పోనీ ఊరికే పట్టుకుని నిలబడండి మేడమ్, పాట స్పీకర్లలో వేస్తాం" అన్నారు. ఆయన మనసు మంచిదే.

ఆరింటి కచేరీ అంటే హాలు దొరకక పెట్టుకున్నది అనుకునేవాళ్లున్నారు. అదేం కాదు. నాలుగున్నరకే వెళ్లి బేస్‌ని స్టేజీ మీద వదిలేస్తాను, హాలు గాలికి అలవాటు పడితే శ్రుతి నిలుస్తుంది. పిల్లలు వస్తారు, గాజువాక వైపు వెళ్లేవాళ్లు ఇబ్బంది లేకుండా ఇల్లు చేరతారు. ఎండవేళ కారులో వదిలిన రోజిన్ (బోకి రాసే గుగ్గిలం లాంటిది) ముద్దయి డబ్బాకి అంటుకుంటుంది, ఆ తంటా కూడా సాయంత్రానికి కొంత తగ్గుతుంది.

మిగతావి గబగబా. తీగలు మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి విప్పకండి. లోపల రెండు పలకల మధ్య నిలబెట్టే చిన్న కర్ర, సౌండ్‌పోస్టుకి జిగురు ఉండదు, తీగల ఒత్తిడి మీదే నిలబడుతుంది, పడిపోతుంది. పియానో వాయించే స్నేహితులకి: సోలో ట్యూనింగ్‌లో తీగలన్నీ ఒక టోన్ పైకి ఉంటాయి. నా కాగితం మీద జి మైనర్ ఉంటే మీ కాగితం మీద ఎ మైనర్ ఉండాలి, రిహార్సల్‌కి ముందే చూసుకోండి. ఒకే రచనలో రెండు భాగాల మధ్య పొరపాటున చప్పట్లు కొట్టినవాళ్లు సిగ్గుపడి తలదించుకుంటున్నారు. వద్దండీ, కొట్టండి, నాకు బానే ఉంటుంది.

ఇక మోసుకెళ్లడం. బరువు పది కిలోలకి అటూ ఇటూ, నడుము దగ్గర పట్టుకుని వాల్చి నడిస్తే మెట్లు కూడా ఎక్కొచ్చు. కారులో ముందు సీటు పూర్తిగా వాల్చి, మెడ వెనక్కి వచ్చేలా పడుకోబెట్టాలి. కారు దొరకనప్పుడు ట్రాలీ ఆటోయే గతి. మద్దిలపాలెం దగ్గర ఒకతను కవర్ తట్టి, "ఏటమ్మా ఇది, ఫ్రిజ్జేటి? పడుకోబెట్టకూడదు కదా, గ్యాస్ పోద్ది" అన్నాడు. పడుకోబెట్టొచ్చు, పక్కకి తిప్పి పెడితే బ్రిడ్జి మీద బరువు పడదు. కింద రెండు పాత బొంతలు పరవండి.