వేపచెట్టు కింద చదివిన మస్టరు

తిరుపతి

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్ళకూ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో చిన్నది అడిగింది: "ప్రభుత్వాలు లెక్కలు దాచకూడదని దేశాలన్నీ కలిసి ఒప్పుకోవడం ఎందుకు? ఎవరి ఇల్లు వాళ్ళు చూసుకోవచ్చు కదా?" ఫోనులో తేలే ప్రశ్న కాదు కనుక రాస్తున్నాను.

ముందు మన ఊరి సంగతి. ఉపాధి హామీలో చెరువు పూడిక తీసిన ఏడాది, పనుల లెక్కలను జనం ముందే సరిచూసే సామాజిక తనిఖీకి వచ్చిన కుర్రకారు ఇంటింటికీ తిరిగి కూలీలను విచారించారు. తరువాత గ్రామసభలో, వేపచెట్టు కింద, మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, పైకి చదివారు. ఒక పేరు దగ్గర నలుగురు ఒకేసారి లేచారు. ఆమె ఆ వారమంతా కూతురి కాన్పుకని తిరుపతి ఆసుపత్రిలో ఉంది. కాగితంలో మాత్రం ఆరు రోజులు మట్టి మోసింది! లేచిన ఆ నలుగురిలో ముగ్గురికి అక్షరం ముక్క రాదు. గట్టిగా చదివారు కాబట్టే పట్టుకోగలిగారు. మన రాష్ట్రంలో 2006లో మొదలైన ఈ పద్ధతంటే నాకు ఎంతో గౌరవం.

మన పక్కనే, కంచి దగ్గర ఉత్తరమేరూరు గుడి గోడ మీద పదో శతాబ్దపు చోళ శాసనం ఉంది. దాని ప్రకారం ఊరి సంఘంలో పనిచేసి లెక్క అప్పజెప్పనివాడు మళ్ళీ ఎన్నికకు పనికిరాడు, అతని దగ్గరి బంధువులూ పనికిరారు. బంధువులను కూడా కలపడం కఠినమే. భూమి ఉన్నవాళ్ళకే ఆ సంఘంలో చోటు ఉండేదన్నదీ మరచిపోకండి.

ఇక దేశాల మాట. 2011 సెప్టెంబరు 20న న్యూయార్క్‌లో బ్రెజిల్, ఇండోనేషియా, మెక్సికో, నార్వే, ఫిలిప్పీన్స్, దక్షిణాఫ్రికా, బ్రిటన్, అమెరికా కలిసి ఓపెన్ గవర్నమెంట్ పార్ట్‌నర్‌షిప్ అనే కూటమిని మొదలుపెట్టాయి. ప్రభుత్వాలు తమ పనిని జనానికి తెరిచి చూపాలన్నదే దాని ఉద్దేశం. తరువాత 70కి పైగా దేశాలు చేరాయి. చేరిన దేశం తన పౌరసంఘాలతో కూర్చుని, ఏమేమి చేస్తుందో కాగితం మీద పెట్టాలి. చేసిందో లేదో స్వతంత్ర పరిశీలకులు చూసి నివేదిక బయటపెడతారు. జైలు లేదు, జరిమానా లేదు. మాట తప్పితే నలుగురిలో తెలిసిపోతుంది, అంతే. మన వేపచెట్టు కింద జరిగిందీ అదే కదా! పైగా ఒకరి ఉపాయం ఇంకొకరికి అందుతుంది. ఉక్రెయిన్ తన ప్రభుత్వ కొనుగోళ్ళ టెండర్లను ప్రోజోరో అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఎవరైనా చూసేలా పెట్టింది. అలాంటిది చూశాక మరో దేశపు అధికారి "ఇది కుదరదు" అనడం కష్టం.

మన దేశం ఈ కూటమిలో చేరలేదు. నాకది వెలితే. అయినా మనకు 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన విషయమైతే 48 గంటల్లోనే.

మన ఊరి బడి పైకప్పుకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది అని అడుగుతూ దరఖాస్తు రాస్తున్నాను. సెలవులకు వచ్చినప్పుడు పెద్దవాడు దాన్ని గుండ్రటి అక్షరాలతో తిరగరాయాలి. చిన్నది నాకు ఒకసారి పైకి చదివి వినిపించాలి.

మీ అమ్మమ్మ