విడాకుల కాగితం ఎక్కడుంటుంది, కేసు ఎక్కడ పడుతుంది: అపోహలు - వాస్తవాలు

ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీసు చేసేవాళ్లకు చట్టం చెప్పడం కన్నా, క్లయింటు ఇంటి దగ్గర నుంచి మోసుకొచ్చిన చట్టాన్ని దించడమే పెద్ద పని. మేనమామ చెప్పాడంటారు, వీడియోలో చూశామంటారు, మా ఊళ్లో ఫలానావాళ్లకు అలాగే అయిందంటారు. వాటిలో తరచూ వినబడేవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఇందులో ఎక్కువ భాగం 1955 నాటి హిందూ వివాహ చట్టం కిందికి వచ్చే కేసుల గురించి. ముస్లింలకు, క్రైస్తవులకు, ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నవాళ్లకు చట్టాలు వేరు. కోర్టు డిక్రీ (తీర్పులో తేల్చినదాన్ని లాంఛనంగా రాసిచ్చే ఉత్తర్వు) గురించి, దాని కాపీల గురించి చెప్పేవి మాత్రం అందరికీ పనికొస్తాయి.

అపోహ: ఏడేళ్లు విడిగా ఉంటే విడాకులు వచ్చేసినట్టే.

రావు. ఇరవై ఏళ్లు విడిగా ఉన్నా చట్టం దృష్టిలో భార్యాభర్తలే. ఏడేళ్లుగా మనిషి బతికున్నట్టు కబురే లేకపోతే, విడాకులు అడగడానికి అది ఒక కారణమని 13వ సెక్షన్ చెబుతుంది. జనం నోట్లో పడి అది ఇలా మారింది. అడగడానికి కారణం ఉండటం వేరు, విడాకులు రావడం వేరు. పైగా పక్క వీధిలో కాపురముంటూ పండక్కి పిల్లలకు బట్టలు పంపించే మనిషి కబురు తెలియని మనిషి ఎలా అవుతాడు? వదిలేసి వెళ్లిపోయారన్నది కారణంగా చూపడానికి రెండేళ్లు చాలు, కానీ దాన్నీ పిటిషన్ వేసి రుజువు చేసుకోవాలి. ఈ నమ్మకంతో రెండో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు. భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు కూడా పడవచ్చు. ఏడేళ్లు అన్న అంకెకు నిజంగా భయపడాల్సింది ఇక్కడే.

అపోహ: పెద్దమనుషుల్లో కూర్చుని బాండ్ పేపర్ రాసుకున్నాం, నోటరీ కూడా చేయించాం, అయిపోయింది.

నా దగ్గరికి వచ్చే చిక్కుముడుల్లో సగం ఇక్కడే పడతాయి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద "ఇకపై ఒకరితో ఒకరికి సంబంధం లేదు" అని రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, ఇరువైపులా సాక్షులు వేలిముద్రలేసినా అది విడాకుల డిక్రీ కాదు. పోలీస్ స్టేషన్‌లో రాసుకున్నా అంతే. సంతకం పెట్టిన మనిషి మీరేనని నోటరీ ధ్రువీకరిస్తాడు తప్ప పెళ్లిని రద్దు చేసే అధికారం అతనికి లేదు.

ఒక మినహాయింపు ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఆచారం ప్రకారం విడిపోయే హక్కును హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ రెండో భాగం కాపాడింది. కుల పెద్దల ముందు తెగతెంపులు చేసుకుని మారుమనువు చేసుకునే ఆచారం తరతరాలుగా ఉన్న కులాలు మన దగ్గర ఉన్నాయి. అయితే ఆ ఆచారం ఉందని చెప్పేవాళ్లే కోర్టులో రుజువు చేసుకోవాలి. ఎప్పటి నుంచి ఉంది, అంతటా ఒకేలా నడుస్తోందా, ఎవరెవరికి అలా జరిగిందన్న సాక్ష్యం కావాలి. "మాలో మామూలేనండీ" అంటే సరిపోదు. నిజంగా ఆచారం ఉన్నవాళ్లు కూడా, ఆ విడాకులు చెల్లుతాయని సివిల్ కోర్టులో డిక్లరేషన్ దావా వేసి డిక్రీ తెచ్చుకుంటే మంచిది. ఫ్యామిలీ పెన్షన్, వీసా, ఆస్తి పంపకం లాంటివి ఎదురైనప్పుడు అవతలి ఆఫీసర్ అడిగేది ఆ కాగితాన్నే. ఇద్దరూ బతికుండగా, సఖ్యంగా ఉండగా చేయించుకుంటే సులువు. ఒకరు పోయాక వారసులతో కొట్లాడుతూ రుజువు చేయడం చాలా కష్టం.

అపోహ: గుళ్లో పెళ్లి, రిజిస్టర్ చేయించలేదు కాబట్టి విడాకులు అక్కర్లేదు.

పెళ్లి తంతు సరిగా జరిగితే రిజిస్ట్రేషన్ లేకపోయినా అది పెళ్లే. 8వ సెక్షన్ ఆ మాట సూటిగానే చెబుతోంది. కేసు వేసేటప్పుడు మ్యారేజీ సర్టిఫికెట్ లేకపోతే శుభలేఖ, పెళ్లి ఫొటోలు, ఆధార్ జత చేస్తాం.

అపోహ: విడాకుల సర్టిఫికెట్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇస్తారు.

తెలుగు రాష్ట్రాల్లో హిందువుల పెళ్లిళ్లకు రిజిస్టర్ ఉంది, విడాకులకు అలాంటి రిజిస్టర్ లేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి అడిగితే వాళ్లు ఇవ్వగలిగింది ఏమీ ఉండదు. కోర్టు ఇచ్చిన తీర్పు, డిక్రీ, ఇవే మీ సర్టిఫికెట్. విడాకులిస్తూ డిక్రీ ఇచ్చిన కోర్టు, ఇద్దరికీ చెరొక కాపీ ఉచితంగా ఇవ్వాలని 23వ సెక్షన్ నాలుగో భాగంలో ఉంది. చాలామందికి ఈ సంగతే తెలియదు. తీర్పు రోజున ఊపిరి పీల్చుకుని వెళ్లిపోతారు. పదేళ్ల తర్వాత పాస్‌పోర్టు కోసమో రెండో పెళ్లి కోసమో కాగితం కావాలని వస్తారు. అప్పటికి కేసు నంబరు గుర్తుండదు, లాయరు ఫోన్ నంబరు మారిపోయి ఉంటుంది.

పాత కాగితం వెతకాలంటే మొదట తెలియాల్సింది ఏ కోర్టు అన్నది. ఫ్యామిలీ కోర్టు అయితే కేసు నంబరు ముందు ఎఫ్‌సీఓపీ (ఫ్యామిలీ కోర్టు ఒరిజినల్ పిటిషన్) అనో ఓపీ అనో ఉంటుంది. ఫ్యామిలీ కోర్టు లేని చోట సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో హెచ్‌ఎంఓపీ (హిందూ మ్యారేజ్ ఒరిజినల్ పిటిషన్) అని ఉంటుంది. నంబరు గుర్తులేకపోతే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులోనో యాప్‌లోనో పార్టీ పేరు, సంవత్సరం ఇచ్చి వెతకవచ్చు. కేసుకు ఇచ్చే 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబరు దొరికితే సగం పని అయిపోయినట్టే. దాంపత్య కేసుల్లో పేర్లు, ఉత్తర్వులు చాలాచోట్ల ఆన్‌లైన్లో కనబడనివ్వరు. అందులో కనబడనంత మాత్రాన కేసు లేదని అర్థం కాదు, కంప్యూటర్లు రాకముందు నాటి కేసులైతే అసలే ఆశ పెట్టుకోవద్దు. ఇంకో చిక్కు జిల్లాలది. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు విడిపోయాయి. ఇప్పటి జిల్లా పేరు పట్టుకుని పాత ఫైలు వెతికితే దొరకకపోవచ్చు. తీర్పు వచ్చిన నాటికి ఆ ఊరు ఏ జిల్లా కోర్టు కింద ఉందో చూడండి.

కోర్టు తెలిశాక కాపీయింగ్ సెక్షన్‌లో కాపీ అప్లికేషన్ పెట్టాలి. ఫైలు రికార్డు రూముకు వెళ్లి ఉంటే అక్కడి నుంచి తెప్పిస్తారు. ఖర్చు ఎంతో చెప్పాక గడువులోపు కట్టాలి. కట్టకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు, మళ్లీ మొదటికి వస్తుంది. జడ్జిమెంటు ఒకటే తీసుకోకండి, డిక్రీ కాపీ కూడా అడగండి. రెండు మూడు సెట్లు తీసుకోండి. సెల్‌ఫోన్లో దింపుకున్న ఆన్‌లైన్ కాపీ చదువుకోవడానికి బాగానే ఉంటుంది కానీ సీలు, సంతకం ఉన్న సర్టిఫైడ్ కాపీ స్థానంలో చెల్లదు.

అపోహ: విడాకుల ఫైలు ఎవరైనా తీసి చూడొచ్చు, లేదంటే సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద దరఖాస్తు పెడితే ఇస్తారు.

హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఈ విచారణలు తలుపులు మూసి జరగాలి. ఆ వివరాలు అచ్చువేయడం నేరం. కేసులో పార్టీ కానివాళ్లకు కాపీ కావాలంటే ఎందుకు కావాలో అఫిడవిట్‌లో చెప్పి కోర్టు అనుమతి తీసుకోవాలి. న్యాయస్థానాల్లోని కేసు కాగితాలకు ఆయా కోర్టు నిబంధనల దారిలోనే వెళ్లాలని, ఆర్టీఐ దారి కాదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది.

వేరేవాళ్ల విడాకుల కాగితం చూడాల్సిన అవసరం ఎక్కువగా రెండో సంబంధం చూసేవాళ్లకు వస్తుంది. అబ్బాయికి విడాకులయ్యాయని మధ్యవర్తి చెబుతాడు. అలాంటప్పుడు కోర్టుల చుట్టూ తిరగక్కర్లేదు, సర్టిఫైడ్ కాపీ చూపించమని నేరుగా అడగండి. చూపించడానికి మొహమాటపడేవాళ్ల దగ్గర కాగితం ఉండకపోవచ్చు. చూపిస్తే చివరి పేజీ జాగ్రత్తగా చదవండి. కాపురానికి రమ్మని ఇచ్చిన డిక్రీ, వేరుగా ఉండటానికి అనుమతించే జ్యుడీషియల్ సెపరేషన్ డిక్రీ కూడా "డిక్రీ" పేరుతోనే చేతులు మారుతుంటాయి. ఆ రెండూ విడాకులు కావు. వాటి తర్వాత ఏడాది దాకా కలవకపోతే విడాకులు అడగవచ్చు, అంతవరకే. అవతలివాళ్లు రాకుండా వచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీ అయితే దాన్ని రద్దు చేయమని పిటిషన్ ఏదైనా పెండింగులో ఉందా అని లాయరు చేత చూపించుకోండి. తీర్పు తేదీ కూడా చూడాలి. అప్పీలుకు 28వ సెక్షన్ 90 రోజులిచ్చింది. ఆ గడువు పోయాకే, అప్పీలు పడితే అది కొట్టేశాకే మళ్లీ పెళ్లి. తీర్పు వచ్చిన వారానికే ముహూర్తం పెట్టించుకుని వచ్చేవాళ్లను ఆపడానికి ఎంత నచ్చజెప్పాల్సి వస్తుందో!

అపోహ: పెళ్లి జరిగిన ఊళ్లోనే కేసు వేయాలి.

అక్కడ వేయొచ్చు. ఇద్దరూ కలిసి చివరిసారి ఉన్న చోటా వేయొచ్చు, అవతలివాళ్లు ఉంటున్న చోటా వేయొచ్చు. కేసు వేసేది భార్య అయితే ఆమె ఇప్పుడు ఉంటున్న చోటే వేసుకోవచ్చు. 2003లో చట్టం మార్చి ఈ వెసులుబాటు ఇచ్చారు. భర్త దూరంగా ఎక్కడో కేసు వేస్తే బదిలీ కోరవచ్చు. ఒకే రాష్ట్రంలో రెండు జిల్లాల మధ్య అయితే హైకోర్టుకు వెళ్లాలి, రెండు రాష్ట్రాల మధ్య అయితే సుప్రీంకోర్టుకు. 2019 జనవరి 1న మన హైకోర్టులు వేరుపడ్డాక విజయవాడ, హైదరాబాద్ మధ్య బదిలీకి కూడా ఢిల్లీ వెళ్లాల్సి వస్తోంది.

అపోహ: ఇద్దరికీ ఇష్టమైతే నెలలో అయిపోతుంది. లేదా, ఏం చేసినా ఆరు నెలలు ఆగాల్సిందే.

రెండూ సగం సగం మాటలే. హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో వేయాలంటే అప్పటికే కనీసం ఏడాది విడిగా ఉండాలి. విడిగా ఉండటమంటే వేర్వేరు ఇళ్లే అక్కర్లేదు, ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తల్లా బతకకపోతే చాలు. పిటిషన్ వేశాక ఆరు నెలలు దాటాక, 18 నెలల లోపు మళ్లీ ఇద్దరూ వచ్చి అదే మాట చెప్పాలి. ఈ ఆరు నెలల్ని కోర్టు మాఫీ చేయవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. కానీ అది అడిగితే ఇచ్చేసేది కాదు. పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర విడిగా ఉన్నారా, భరణం, పిల్లలు, మిగతా గొడవలు నిజంగా తేలిపోయాయా, రాజీకి దారి లేదా అని కోర్టు చూస్తుంది. రాజ్యాంగం 142వ అధికరణం కింద సుప్రీంకోర్టు నేరుగా విడాకులివ్వగలదని 2023 మే 1న రాజ్యాంగ ధర్మాసనం చెప్పాక, "మాకూ అలా ఇప్పించండి" అని అడుగుతున్నారు. ఆ అధికారం సుప్రీంకోర్టుదే, ఫ్యామిలీ కోర్టుకు లేదు.

డిక్రీ వచ్చేదాకా ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చని కూడా గుర్తుంచుకోండి. మొదటి వాయిదాకే డబ్బు మొత్తం ఇచ్చేసి తర్వాత లబోదిబోమనే బదులు, ఎంత ఎప్పుడు ఇవ్వాలో ఒప్పందంలో రాయించుకోండి.

అపోహ: అవతలివాళ్లు సంతకం పెట్టకపోతే, సమన్లు తీసుకోకపోతే కేసు ఆగిపోతుంది.

ఆగదు. తప్పించుకు తిరిగితే పత్రికలో ప్రకటన వేయించి, అప్పటికీ రాకపోతే ఎక్స్‌పార్టీ చేస్తారు. కాకపోతే తెలిసి తెలిసి తప్పుడు చిరునామా ఇచ్చి సంపాదించిన ఎక్స్‌పార్టీ డిక్రీ నిలవడం కష్టం.

డబ్బు మాటలు కొన్ని. విడాకులైతే భర్త ఆస్తిలో సగం భార్యకు వస్తుందన్నది మన చట్టంలో లేదు. కోర్టు ఇద్దరి ఆదాయం, స్థితిగతులు చూసి భరణం నిర్ణయిస్తుంది. ముందు కేసు వేసిన స్త్రీకి భరణం రాదన్నదీ అబద్ధమే. కేసు నడుస్తుండగానే 24వ సెక్షన్ కింద ఖర్చులు, పోషణ అడగవచ్చు, ఆదాయం లేని భర్త కూడా అడగవచ్చు. ఇక లాయరుకు డబ్బు లేదని ఆగిపోవద్దు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు.

అపోహ: అమెరికాలో విడాకులు తీసుకున్నాడు, ఇక్కడ కూడా చెల్లినట్టే.

తిరుపతిలో పెళ్లయిన ఒక జంట కేసులోనే సుప్రీంకోర్టు 1991లో దీని మీద సూత్రాలు చెప్పింది. భర్త మిస్సోరీ కోర్టులో తెచ్చుకున్న డిక్రీని ఒప్పుకోలేదు. మన చట్టంలో లేని కారణంతో, భార్య ఆ కోర్టుకు ఒప్పుకోకుండా వచ్చిన విదేశీ డిక్రీ ఇక్కడ నిలవదు. ఇద్దరూ అక్కడే ఉంటూ, ఇద్దరూ ఆ కోర్టుకు వెళ్లి, ఇద్దరి సమ్మతితో వచ్చినదైతే చిక్కు తక్కువ. అక్కడ కాగితం తెప్పించుకునేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆరోగ్య శాఖ ఇచ్చే విడాకుల సర్టిఫికెట్ వేరు, కౌంటీ కోర్టు క్లర్కు ఇచ్చే డిక్రీ సర్టిఫైడ్ కాపీ వేరు. మొదటిదాంట్లో పేర్లు, తేదీ లాంటివే ఉంటాయి. ఏ కారణంతో ఇచ్చారు, అవతలివాళ్లు హాజరయ్యారా అన్నది రెండోదాంట్లోనే తెలుస్తుంది. ఇక్కడి కోర్టుకు కావాల్సింది అదే కాబట్టి డిక్రీ కాపీనే అడిగి, దాని మీద అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా చేసే ధ్రువీకరణ) వేయించి పంపమనండి.