పాత మిద్దె ఇంట్లో స్నేహితులతో బస: అపోహలు - వాస్తవాలు

చంద్రగిరిలో మా తాతల నాటి మిద్దె ఇంటిని హోమ్‌స్టేగా నడుపుతున్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది స్నేహితుల బృందాలే. బుకింగ్‌కి ఫోన్ చేసినప్పుడు తరచూ వినే మాటలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అపోహ: చంద్రగిరిలో బస అంటే కోటలోనే ఉండొచ్చు.

వాస్తవం: కుదరదు. కోటలోని రాజమహల్ కేంద్ర పురావస్తు శాఖ నడిపే మ్యూజియం, పగలు టికెట్ కొని చూసి రావాల్సిందే. మా ఇంటికి వచ్చేముందు అక్కడికి వెళ్లి రమ్మని నేనే చెబుతుంటాను. ఆ మహల్‌ని కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. మా పైకప్పు మాత్రం టేకు దూలాలు, దంతెల (దూలాల మీద అడ్డంగా వేసే సన్న కర్రల) మీద నిలబడి ఉంది. ఆ తేడా కళ్లారా చూసినవాళ్లు ఇంట్లో కాస్త జాగ్రత్తగా మసలుకుంటారు.

అపోహ: పాత గోడకు చెమ్మ వస్తే సిమెంటు పూయిస్తే సరిపోతుంది.

వాస్తవం: పాత ఇళ్లకు ఇంతకంటే పెద్ద హాని లేదు. సున్నపు గోడ నేలలోంచి తేమను పీల్చినా మళ్లీ గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. తేమ లోపలే చేరి ఇంకా పైకి ఎక్కుతుంది, దాంతోపాటు ఉప్పు కూడా. మా వెనక గదిలో ఎప్పుడో వేసిన సిమెంటు అతుకు ఒకటుంది. వేలితో తడితే డొల్లగా మోగుతుంది, అంచు దగ్గర గోరుతో గీకితే తెల్లటి ఉప్పు పొడి రాలుతుంది. దాని పక్కనే ఉన్న సున్నపు గోడ మాత్రం గట్టిగా ఉంది.

మరమ్మతుకి మేం సున్నం నానబెట్టి, కరక్కాయ, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్లు పోసి గచ్చు చేయిస్తాం. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటూ అది నిదానంగా గట్టిపడుతుంది, తొందరపెడితే పగుళ్లు ఇస్తుంది. అందుకే ఒక్కోసారి ఓ గది మూసి ఉంటుంది. దయచేసి తెరవమని అడగొద్దు. తడి బట్టలు కూడా గోడ మేకులకు కాకుండా పెరట్లో తీగ మీద ఆరేయండి.

అపోహ: మందపాటి గోడలు కాబట్టి ఎండాకాలంలో ఏ సమయంలోనైనా చల్లగా ఉంటుంది.

వాస్తవం: పగటి వరకు నిజమే. పగలంతా పీల్చిన వేడిని గోడలు రాత్రికి వదులుతాయి. పొద్దు ఎక్కేసరికి కిటికీలు మూసి, చీకటి పడ్డాక తెరవండి. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద పడుకోవడమే హాయి.

అపోహ: స్నేహితులమే కదా, ఎంతమందైనా సర్దుకుంటాం.

వాస్తవం: కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో ఆరు గదులు, 12 పడకలు దాటకూడదు, యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే ఉండాలి. మిద్దె మీద పడుకోమంటాను గానీ అందరూ ఒకేచోట గుమిగూడి డాన్సులు చేయనివ్వను. దంతెలు ఓ కుటుంబం బరువుకి వేసినవి, అదురు ఎక్కువైతే గచ్చు పగిలి వాన నీళ్లు దిగుతాయి. ఐడీ కార్డు ఒక్కరిది చాలదు, అందరివీ కావాలి. విదేశీ స్నేహితులు ఉంటే వాళ్లు దిగిన 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి. ఆ బాధ్యత మాదే, కాబట్టి పాస్‌పోర్టు అడిగితే నొచ్చుకోకండి.

అపోహ: చంద్రగిరిలో దిగితే తిరుమల కొండ దూరమైపోతుంది.

వాస్తవం: నడిచి ఎక్కాలనుకునేవాళ్లకు ఇదే మేలు. శ్రీవారి మెట్టు దారి మొదలయ్యేది శ్రీనివాస మంగాపురం వైపు నుంచే. అలిపిరిలో 3,550 మెట్లయితే ఇక్కడ 2,388. అన్ని వేళలా అనుమతించరు కాబట్టి ముందురోజే సమయాలు కనుక్కోండి. తెల్లవారుజామున బయల్దేరుతున్నామని రాత్రే చెబితే ఇడ్లీ, చెనక్కాయల ఊరిబిండి (పచ్చడి) కట్టిస్తాం.