చాంతాడంత బాకా

చి. చిన్నికి, నానికి తాతయ్య దీవెనలు.

మొన్న ఫోన్లో రష్యా సంగీతకర్త చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ, అదే పెద్ద వాద్యబృందం వాయించే రచన, చూస్తూ నాని అడిగాడు కదా, "వెనక ఒకాయన ఒళ్ళో గంగాళమంత బాకా పెట్టుకుని అంతసేపు ఊరికే కూర్చున్నాడేం తాతయ్యా?" అని. దాని పేరు ట్యూబా.

మా పెరటి బావిలో వేసవికి నీళ్ళు అడుగంటేవి. అమ్మ చాంతాడుకి ఇంకో ముక్క ముడేసేది. ట్యూబా కూడా అంతే. లోతు నీళ్ళకి పొడుగు తాడు, లోతు స్వరానికి పొడుగు గొట్టం. పెద్ద ట్యూబా చుట్టలు విప్పితే 18 అడుగులు! వాల్వు నొక్కితే ఇంకో ముక్క గొట్టం కలుస్తుంది, అమ్మ వేసిన ముడిలాగే. నేను తాడు గబగబా లాగితే బొక్కెన బావి ఒరకి తగిలి సగం నీళ్ళు ఒలికిపోయేవి. "తొందరెందుకురా, చేతికి చెయ్యి మార్చి తోడు" అనేది అమ్మ. ట్యూబాకి ఊపిరి కూడా అలాగే తోడాలి.

ట్యూబా 1835లో బెర్లిన్‌లో పుట్టింది. రష్యావాళ్ళు దాన్ని శ్రద్ధగా పెంచారు. 1873లో నౌకాదళం బ్యాండులకి ఇన్‌స్పెక్టర్ అయిన సంగీతకర్త రిమ్‌స్కీ-కొర్సకోవ్ కొన్ని ఊదే వాయిద్యాలు తనే నేర్చుకున్నాడు. ఎదుటివాడి పని కష్టం తెలియాలంటే ఆ పని మనం చేసి చూడాలి మరి. తర్వాత మాస్కో కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో బ్లజేవిచ్ అనే మాస్టారు. ఆయన ట్రాంబోన్ అనే ఇంకో ఇత్తడి బాకాలో విద్వాంసుడైనా ట్యూబా పిల్లల కోసం 70 అభ్యాసాలు రాశాడు. ఎన్నో దేశాల పిల్లలు ఇప్పటికీ వాటినే సాధన చేస్తారు. బల్షోయ్ థియేటర్‌లో ట్యూబా వాయించిన లెబెదెవ్ 1947లో ఏకంగా ట్యూబాకే కన్‌చెర్టో, అంటే ఒక వాయిద్యం ముందు నిలబడి వాయించే రచన, రాశాడు. వెనక వరసలో ఉన్నవాణ్ణి అందరి ముందుకీ తెచ్చాడు. అది తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

నానీ, ఆయన ఊరికే కూర్చోలేదురా. 1893లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఈ సింఫనీని చైకోవ్‌స్కీ స్వయంగా నడిపించాడు. తొమ్మిది రోజులకే కన్నుమూశాడు. దాని చివరి భాగంలో హోరంతా అణిగాక పెద్ద కంచు పళ్ళెం ఒక్కసారి, మెత్తగా మోగుతుంది. వెంటనే మూడు ట్రాంబోన్లు, ఒక ట్యూబా, గుసగుసలాగా ఎత్తుకుంటాయి. అంత ఇత్తడి అంత సన్నగా ఎలా పలుకుతుందో నాకు చెప్పడం రాదు.

ఈ రాత్రి లైటు ఆర్పి, ఇయర్‌ఫోన్లు చెరొకటి పెట్టుకుని ఆ చోటు మళ్ళీ పెట్టండి. కంచు మోగగానే ఆయన భుజాలు చూడండి, ఊపిరి ఎలా తీసుకుంటాడో.

మీ తాతయ్య