ఇంటి దస్తావేజుల్లో దాగిన వర్ణ వివక్ష: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని సియాటిల్ పరిసరాల్లో పాత ఇళ్లు కొనే తెలుగు కుటుంబాల కోసం లింకు డాక్యుమెంట్లు పరిశీలించడం నా వృత్తి. 1948కి ముందు రాసిన దస్తావేజుల్లో, తెల్లవారు కానివారెవరూ ఈ ఇంట్లో నివసించరాదనీ, ఇంటి పనివారికి మాత్రం మినహాయింపు ఉందనీ చెప్పే షరతు తరచుగా ఎదురవుతుంది. కొన్నింటిలో ఆసియా జాతులవారిని విడిగా పేర్కొన్నారు కూడా. అది చదివి నిద్రపట్టక ఫోన్ చేసేవారి ఆందోళన నాకు అర్థమవుతుంది. మీ కొనుగోలుకు ఏ ముప్పూ లేదు: ఆ షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో షెల్లీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది, ఇళ్ల విషయంలో వివక్షను అడ్డుకునే 1968 ఫెడరల్ చట్టం వాటిని నిషేధించింది.

ఎక్కువ నష్టం చేసే అపోహ మరొకటి. వర్ణ వివక్ష అంటే అమెరికా దక్షిణాదిలో ముసుగులు వేసుకున్న కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార సంఘపు మూకల దౌర్జన్యమేననీ, ఉత్తరాది నగరాల్లో నల్లవారు తమ ఇష్టంతోనే ఒకచోట చేరారనీ, పొదుపు చేయక ఇళ్లు కొనలేకపోయారనీ చదువుకున్నవారే చెబుతుంటారు. ఇది పూర్తిగా తప్పు. 1930లలో ఫెడరల్ గృహరుణ సంస్థ రెండు వందలకు పైగా నగరాలకు పటాలు గీయించి, నల్లవారున్న పేటలకు దాదాపు అన్నిచోట్లా, రుణమివ్వడం ప్రమాదకరమని సూచించే ఎరుపు రంగు వేయించింది. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్, తాను రుణ బీమా ఇచ్చే ఇళ్లకు ఇలాంటి షరతులుండడం మేలని తన మాన్యువల్‌లోనే రాసింది. డెట్రాయిట్‌లో 1941లో ఒక బిల్డర్ నల్లవారి పేటకూ తన కొత్త ఇళ్లకూ మధ్య అర మైలు పొడవున ఆరడుగుల గోడ కట్టించాకే ఆ సంస్థ రుణాలకు ఒప్పుకుంది. మిసిసిపీలో 1947లో ప్రభుత్వం మాజీ సైనికులకు హామీ ఇచ్చిన 3,229 రుణాల్లో నల్లవారికి దక్కినవి రెండు.

కాగితం ఆపలేనిచోట మూక దిగింది. 1951లో షికాగో పక్కనున్న సిసెరోలో ఒక నల్లజాతి కుటుంబం అద్దెకు దిగబోతే వేలమంది ఆ భవనంపై పడ్డారు. నేషనల్ గార్డు సైనిక దళాన్ని దించాల్సి వచ్చింది. ఎవరిపై అభియోగం మోపాలో తేల్చే పౌరుల బృందమైన కౌంటీ గ్రాండ్ జ్యూరీ మాత్రం మూకను వదిలి, ఆ కుటుంబానికి అండగా నిలిచిన న్యాయవాదిపైనా, ఇల్లు అద్దెకిచ్చినవారిపైనా అభియోగం మోపింది. తరువాత దాన్ని కొట్టివేశారు.

సియాటిల్ నల్లవారంతా సెంట్రల్ డిస్ట్రిక్ట్ అనే పేటలోనే ఎందుకు గుమిగూడారని ఒక యువ ఇంజనీరు అడిగినప్పుడు, చుట్టుపక్కల పేటల దస్తావేజులు అతని ముందు పెట్టాను. చదివాక అతడు, వీటిని రాసినవారిలో ఎవరికైనా శిక్ష పడిందా అన్నాడు. పడలేదు.

ఇక వాట్సాప్ పుకార్లు. ఆ షరతు తొలగించడానికి వేలు ఖర్చవుతుందన్నది అబద్ధం. వాషింగ్టన్ రాష్ట్రంలో కౌంటీ కార్యాలయంలో సవరణ పత్రాన్ని రుసుము లేకుండా నమోదు చేయించవచ్చు. ఈ పాత వివక్షకు పరిహారంగా రాష్ట్రం చేసిన 2023 చట్టం కింద ఇచ్చే డౌన్‌పేమెంట్ సాయం భారతీయులందరికీ వస్తుందన్నదీ నిజం కాదు. 1968 ఏప్రిల్‌కు ముందు ఈ రాష్ట్రంలో నివసించినవారికీ, వారి సంతతికీ మాత్రమే అది వర్తిస్తుంది, ఆపై ఆదాయ పరిమితి ఉంది.